తాళం వేసిన గదికి అద్దె: కోవిడ్ కాలపు హాస్టల్ బాకీలు, దళిత విద్యార్థులు

కోవిడ్ లాక్‌డౌన్‌లో కాలేజీలు మూతపడ్డాయి. పిల్లలు ఊళ్లకు చేరారు. పుస్తకాలు, పరుపు, ట్రంకుపెట్టె పట్నంలో తాళం వేసిన గదిలోనే ఉండిపోయాయి. నెల తిరిగేసరికి గది యజమాని నుంచో, హాస్టల్ మేనేజర్ నుంచో ఫోను వచ్చేది. ఉండని గదికి, తినని తిండికి డబ్బు కట్టమని అడిగేవారు.

ఈ బాకీల గురించి అప్పట్లో వార్తలు వచ్చాయి, పోయాయి. ఏ ప్రభుత్వం ఏ జీవో ఇచ్చింది, ఏ కోర్టు ఏం చెప్పింది, గది విషయంలో చట్టం ఎక్కడ ఉంది అన్నది ఒక్కచోట పెట్టినవారు తక్కువ. విద్యార్థి సంఘాలకు, హాస్టళ్ల సమస్యలపై పనిచేసే కార్యకర్తలకు పనికొస్తుందని ఈ వ్యాసంలో ఆ పని చేస్తున్నాం. శ్రీకాకుళం జిల్లా నౌపడను, దాని చుట్టూ ఉన్న టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతాన్ని కేంద్రంగా పెట్టుకుని చూస్తున్నాం. ఇక్కడి పిల్లలు పెద్ద చదువులకు ఊరు విడిచి వెళ్లక తప్పదు కాబట్టి, గది ప్రశ్న ఇక్కడ చదువు ప్రశ్నే.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. కోవిడ్ కాలంలో ట్యూషన్ ఫీజుకు ఏదో ఒక నియమం వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనానికి ముందే నియమం ఉంది. కాలేజీ విద్యార్థి గదికి, మెస్‌కు మాత్రం ఏ నియమమూ లేదు. నియమం లేని చోట నష్టం ఎటు జారుతుందో దళితవాడలకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

నౌపడ నుంచి ఎటు వెళ్తారు?

నౌపడ సంతబొమ్మాళి మండలంలో ఉంది. హౌరా-చెన్నై రైలు మార్గంలో జంక్షన్. గుణుపూర్ లైను ఇక్కడే చీలుతుంది. ఊరికి పేరు తెచ్చింది ఉప్పు. ఉప్పు మడుల్లో పని ఎండాకాలంలోనే ఎక్కువ. ఉత్తరాన పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమ, తీరం వెంట కొబ్బరి, జీడి తోటలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటలను నేలమట్టం చేసింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లను అప్పుల్లోకి నెట్టింది. ఏడాదిన్నర తిరగకముందే లాక్‌డౌన్ వచ్చింది. మడుల్లో పని ముమ్మరంగా సాగాల్సిన నెలలవి.

ఇక్కడి విద్యార్థి ఇంటర్‌కు టెక్కలి, పలాస వెళ్తాడు. డిగ్రీకి, పీజీకి శ్రీకాకుళం, ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. పోటీ పరీక్షలకు, కంప్యూటర్ కోర్సులకు విశాఖ, హైదరాబాద్. ఉండే చోట్లు నాలుగు రకాలు.

ఒకటి, సాంఘిక సంక్షేమ శాఖ హాస్టళ్లు, గురుకులాలు. ఇక్కడ అద్దె లేదు. తిండి ప్రభుత్వానిది.

రెండు, విశ్వవిద్యాలయ హాస్టళ్లు. గది అద్దె తక్కువ. మెస్ బిల్లును విద్యార్థులందరికీ పంచుతారు.

మూడు, ప్రైవేటు కాలేజీలు సొంతంగా నడిపే హాస్టళ్లు. ఏడాది డబ్బు రెండు మూడు వాయిదాల్లో ముందే కట్టించుకుంటారు.

నాలుగు, బయటి ప్రైవేటు హాస్టళ్లు, ముగ్గురు నలుగురు కలిసి తీసుకునే అద్దె గదులు. అడ్వాన్సు ముందే ఇవ్వాలి. రాతకోతలు దాదాపు ఉండవు.

గది మూతపడినప్పుడు ఈ నాలుగు చోట్లా నష్టం ఒకేలా లేదు. అందుకే ‘హాస్టల్ ఫీజు మాఫీ’ అనే ఒక్క నినాదంతో అందరి సమస్యా తీరదు.

2020 మార్చి: ఖాళీ చేయమన్నారు, తర్వాత చేయించొద్దన్నారు

ఆంధ్రప్రదేశ్‌లో విద్యాసంస్థలు 2020 మార్చి 19 నుంచి మూతపడ్డాయి. మార్చి 22 తర్వాత ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, మాదాపూర్, కూకట్‌పల్లి వైపు ప్రైవేటు హాస్టళ్లు పిల్లలను ఖాళీ చేయమన్నాయి. వేలమంది పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం వరుస కట్టారు. పాసు దొరికినవారు ఆంధ్ర వైపు బయల్దేరి జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఆగిపోయారు. తెలంగాణ పాసు ఇచ్చింది, ఆంధ్ర లోపలికి రానివ్వలేదు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకున్నాక హాస్టళ్లు ఎవరినీ ఖాళీ చేయించకూడదని హైదరాబాద్ అధికారులు చెప్పారు. కానీ అప్పటికే చాలామంది గది వదిలి రోడ్డు మీద ఉన్నారు. ఆ నెలకు కట్టిన డబ్బు, ఇచ్చిన అడ్వాన్సు సంగతి ఆ ఆదేశాల్లో లేదు.

మార్చి 29న కేంద్ర హోం శాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని జాగ్రత్తగా చదవాలి. వలస కూలీలతో సహా అద్దె ఇళ్లలో ఉన్న కార్మికుల దగ్గర యజమానులు ఒక నెలపాటు అద్దె అడగకూడదని అందులో ఉంది. కార్మికులను గానీ విద్యార్థులను గానీ ఖాళీ చేయమని ఒత్తిడి చేస్తే చర్య తీసుకుంటామనీ ఉంది. అంటే ఖాళీ చేయించకుండా రక్షణ ఇద్దరికీ ఇచ్చారు. అద్దె అడగకూడదన్న మాట కార్మికుల గురించే. ఉప్పు మడిలో పనిచేసే తల్లికి ఆ నెల కూలి లేదు. ఆమె కొడుకు విశాఖలో ఉన్న గదికి ఆ ఊరట వర్తించలేదు.

తెలంగాణ ప్రభుత్వం ఏప్రిల్‌లో ఇంకొంచెం ముందుకు వెళ్లింది. మార్చి, ఏప్రిల్, మే నెలల అద్దె వసూలు చేయకూడదని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. ఇది వాయిదా. మాఫీ కాదు. ఊరికి చేరిన విద్యార్థికి మూడు నెలల బాకీ పోగుపడిందే తప్ప తగ్గలేదు.

ట్యూషన్‌కు నియమం వచ్చింది, గదికి రాలేదు

ఫీజుల మీద వచ్చిన ఉత్తర్వులను వరుసగా పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

2020 ఏప్రిల్‌లో ఏఐసీటీఈ లాక్‌డౌన్ ముగిసేదాకా ఫీజుల కోసం ఒత్తిడి చేయొద్దని సాంకేతిక విద్యాసంస్థలకు చెప్పింది. అదే నెలలో తెలంగాణ జీవో 46 ఇచ్చింది. ప్రైవేటు బడులు ఫీజులు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలవారీగా తీసుకోవాలి. అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020-21కి ప్రైవేటు బడులు, జూనియర్ కాలేజీలు ట్యూషన్ ఫీజులో 70 శాతమే వసూలు చేయాలని ఆదేశించింది. కొత్తగా డిగ్రీ, పీజీలో చేరి మానుకున్నవారికి 2020 నవంబరు 30 దాకా పూర్తి ఫీజు తిరిగి ఇవ్వాలని యూజీసీ చెప్పింది.

వీటిలో ఏదీ బయటి ప్రైవేటు హాస్టల్‌ను తాకదు. డిగ్రీ మధ్యలో ఉన్న విద్యార్థి వాడని గదికి కట్టిన డబ్బును కూడా తాకదు.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 53, 54లతో ప్రైవేటు బడులు, జూనియర్ కాలేజీల ఫీజులకు గరిష్ఠ పరిమితి పెట్టింది. డిసెంబరులో హైకోర్టు వాటిని కొట్టేసింది.

వాడని సౌకర్యాల మాట నేరుగా ఎత్తింది సుప్రీంకోర్టు. ఇండియన్ స్కూల్, జోధ్‌పూర్ వర్సెస్ రాజస్థాన్ ప్రభుత్వం కేసులో 2021 మే 3న జస్టిస్ ఖాన్విల్కర్, జస్టిస్ దినేశ్ మహేశ్వరి తీర్పు ఇచ్చారు. బడి మూసి ఉన్నప్పుడు కరెంటు, నీళ్లు, నిర్వహణ ఖర్చులు యాజమాన్యానికి మిగులుతాయి. విద్యార్థి వాడుకోని సౌకర్యానికి డబ్బు వసూలు చేయడం లాభార్జన అవుతుంది. అందుకని 2020-21 ఫీజులో 15 శాతం తగ్గించాలని రాజస్థాన్ ప్రైవేటు బడులను ఆదేశించారు. ఆ తీర్పు బడుల గురించే అయినా, అందులోని సూత్రం హాస్టల్ గదికి ఇంకా బాగా అతుకుతుంది. ఆన్‌లైన్‌లోనైనా పాఠం చెప్పారని బడి అనగలదు. ఆన్‌లైన్‌లో గది ఇచ్చామని హాస్టల్ అనలేదు. ఆ సూత్రాన్ని ఉన్నత విద్య హాస్టళ్లకు వర్తింపజేసే ఉత్తర్వు మన రెండు రాష్ట్రాల్లోనూ రావాల్సింది.

వసతి పేరుతో వచ్చిన డబ్బు

‘మరి వసతి దీవెన ఉండేది కదా’ అన్న ప్రశ్న వస్తుంది. జగనన్న వసతి దీవెన 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో మొదలైంది. లాక్‌డౌన్‌కు సరిగ్గా నెల ముందు. ఐటీఐ విద్యార్థికి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన చదివేవారికి 20,000 రూపాయలు. రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేసేవారు. హాస్టల్, భోజన ఖర్చుల కోసమని చెప్పారు.

తేదీలు చూడండి. 2020-21 సంవత్సరానికి మొదటి విడత 2021 ఏప్రిల్ 28న ఇచ్చారు. పథకం మొదలైన రోజుకు, ఈ రోజుకు మధ్య 14 నెలలు. గది అద్దె బాకీ పడిన కాలం అంతా ఈ 14 నెలల్లోనే ఉంది. డబ్బు పడిన వారం రోజులకే, మే 5 నుంచి, రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ పెట్టారు.

ఒక లెక్క వేసుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే. ముగ్గురు కలిసి 6,000 రూపాయల గది తీసుకున్నారు. ఒక్కొక్కరి వాటా 2,000. 2020 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 7 నెలలు గది మూసే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీలు తిరిగి తెరవడం మొదలైంది నవంబరు 2న. ఒక్కొక్కరి బాకీ 14,000. డిగ్రీ విద్యార్థికి వసతి దీవెన ఒక విడత 10,000. ఆ విడత మొత్తం వాడని గదికే పోయినా ఇంకా 4,000 అప్పు మిగులుతుంది. వచ్చే ఏడాది గదికి, తిండికి ఏమీ మిగలదు.

ఇంతలో 2020 డిసెంబరులో జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి 2020-21 నుంచి విద్యా దీవెన, వసతి దీవెన రెండూ ఆగిపోయాయి. మొదటి తరం దళిత పీజీ విద్యార్థికి గది బాకీ, ఫీజు బాకీ ఒకే ఏడాదిలో కలిశాయి.

కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో గది విలువ ఎంతో కూడా చూద్దాం. 2010 రేట్ల ప్రకారం సాధారణ డిగ్రీ చదివే ఎస్సీ విద్యార్థికి హాస్టల్‌లో ఉంటే నెలకు 570, ఇంటి నుంచి వెళ్తే 300 రూపాయలు. తేడా 270. కేంద్రం లెక్కలో నెల రోజుల వసతి, తిండి విలువ అంతే. కోవిడ్ మొదటి ఏడాది అంతా ఇవే రేట్లు. 2020 డిసెంబరు 23న కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని మార్చి, ఐదేళ్లకు 59,048 కోట్లు, అందులో 60 శాతం కేంద్ర వాటా అని ప్రకటించింది. కొత్త రేట్లలో సాధారణ డిగ్రీ విద్యార్థికి హాస్టల్‌లో ఉంటే ఏడాదికి 6,000, లేకపోతే 3,000.

ఈ పథకంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఉండేది. కాలేజీ తన హాస్టల్‌లో చోటు ఇవ్వలేకపోతే, కనీసం 5 మంది విద్యార్థులు కలిసి ఉండి ఒకే చోట వండుకుని తింటుంటే దాన్ని కూడా హాస్టల్‌గా గుర్తించి ఎక్కువ రేటు ఇవ్వవచ్చని పాత మార్గదర్శకాల్లో ఉంది. దానికి కాలేజీ ధ్రువీకరణ కావాలి. అద్దె గదుల్లో ఉండే మన పిల్లలు ఆ ధ్రువీకరణ అడగడమే తక్కువ. గదిని ప్రభుత్వం కాగితం మీద గుర్తించి ఉంటే, అది మూతపడినప్పుడు నష్టం అడగడానికి ఒక ఆధారం ఉండేది.

ప్రభుత్వ హాస్టల్: అద్దె లేదు, తిండి పోయింది

సంక్షేమ హాస్టల్ విద్యార్థి అద్దె కట్టలేదు కాబట్టి నష్టపోలేదని అనుకోవడం పొరపాటు. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ హాస్టల్ విద్యార్థి భోజనానికి నెలకు 1,400 రూపాయలు కేటాయించేవారు. అది హాజరును బట్టి లెక్కగట్టే డబ్బు. పిల్లవాడు ఇంటికి వెళ్తే ఆ డబ్బు ఖజానాలో ఉండిపోతుంది. అన్నం పెట్టే బాధ్యత పని పోయిన ఇంటి మీద పడుతుంది. ప్రైవేటు హాస్టల్‌లో వాడని గదికి విద్యార్థి కట్టాడు. ప్రభుత్వ హాస్టల్‌లో తినని తిండి డబ్బు ప్రభుత్వానికి మిగిలింది.

ఇలా జరగక తప్పదా? తప్పదనడానికి వీల్లేదు. బడిలో మధ్యాహ్న భోజనం చూడండి. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన నియమాల్లో 9వ నియమం ఉంది. ఏ కారణంతోనైనా భోజనం పెట్టలేకపోతే ఆ పిల్లవాడికి రావాల్సిన ధాన్యం, వంట ఖర్చు ఆహార భద్రతా భత్యంగా ఇవ్వాలి. 2020 మార్చి 18న సుప్రీంకోర్టు బడుల మూతతో ఆగిన భోజనం సంగతిని తనంతట తాను విచారణకు తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, కోడిగుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకు చేర్చారు.

అంటే అదే ఇంట్లో ఏడో తరగతి చదివే చెల్లెలికి బడి మూసినా బియ్యం వచ్చాయి. డిగ్రీ చదివే అక్కకు హాస్టల్ మూస్తే ఏమీ రాలేదు. చెల్లెలి భోజనం వెనుక చట్టం కింద రాసిన నియమం ఉంది. అక్క భోజనం వెనుక ఉన్నది ఏటా బడ్జెట్‌లో పెట్టే పద్దు ఒక్కటే. నియమం ఉన్నచోట అడగడానికి దారి ఉంటుంది, కోర్టుకు కూడా పట్టు దొరుకుతుంది. ఈ తేడాను మన ఉద్యమాలు గట్టిగా పట్టుకోవాలి.

గది ఎందుకు వదల్లేదు?

‘వాడనప్పుడు ఖాళీ చేసేయొచ్చు కదా’ అని అడిగేవారున్నారు. దీనికి మూడు జవాబులు.

మొదటిది, ఖాళీ చేయడానికి వెళ్లే దారి లేదు. రైళ్లు లేవు, బస్సులు లేవు, జిల్లా దాటాలంటే పాసు కావాలి. సామాను, కొందరికి సర్టిఫికెట్లు కూడా గదిలోనే ఉన్నాయి. కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. అది కాలేజీలకు వర్తిస్తుంది. ఇంటి యజమానికి వర్తించదు.

రెండోది, కాలేజీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేదు. లాక్‌డౌన్‌ను రెండు మూడు వారాల చొప్పున పొడిగిస్తూ పోయారు. వచ్చే నెల పరీక్షలు అంటే గది ఉంచుకోవాలి. మళ్లీ వాయిదా అంటే ఇంకో నెల అద్దె పడుతుంది. ఆ అనిశ్చితి ఖర్చు మొత్తం విద్యార్థి మోశాడు.

మూడోది కులం. పట్నంలో దళిత విద్యార్థికి గది దొరకడం ఎంత కష్టమో ఈ వ్యాసం చదివేవారికి తెలుసు. ‘మీరేమిట్లు?’ అనే ప్రశ్న దాటాలి. ఇంటిపేరు చెప్పాలి, మాంసం వండుతారా అన్నదానికి జవాబు చెప్పాలి. వీధులు తిరిగి తిరిగి దొరికిన గది అది. దాన్ని వదిలితే మళ్లీ మొదటి నుంచి ఆ ప్రశ్నలన్నీ ఎదుర్కోవాలి. కాబట్టి వాడని గదికి కట్టిన అద్దెలో కొంత భాగం మళ్లీ అవమానపడకుండా ఉండటానికి కట్టిన డబ్బు. ఏ ఫీజుల కమిటీ లెక్కలోనూ ఈ ఖర్చు కనిపించదు.

చదువుకునే చోటు కూడా ఆ గదే. ఒకే గది ఇంట్లో, సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఆన్‌లైన్ క్లాసు వినడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. 2020 నవంబరులో ఢిల్లీలో చదువుతున్న తెలంగాణ విద్యార్థిని ఒకరు ప్రాణం తీసుకున్నారు. ల్యాప్‌టాప్ లేకపోవడం, స్కాలర్‌షిప్ ఆలస్యం, రెండో ఏడాదికి హాస్టల్ ఖాళీ చేయాలన్న నియమం ఆ రోజుల్లో దేశమంతా చర్చకు వచ్చాయి. గది పోతే ఏం పోతుందో ఆ చర్చ చెప్పింది. దాని నుంచి పుట్టాల్సిన నియమం మాత్రం పుట్టలేదు.

చట్టం ఏం చెబుతుంది?

కార్యకర్తలు గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి, అద్దె గది వేరు, హాస్టల్ వేరు.

అద్దె గది లీజు కిందికి వస్తుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అగ్ని, వరద వంటి వాటివల్ల ఆస్తి నాశనమైతే, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దెదారు లీజు రద్దు చేసుకోవచ్చు. లాక్‌డౌన్‌లో గది నాశనం కాలేదు, వాడుకోలేకపోయారు అంతే. 2020 మే 21న ఢిల్లీ హైకోర్టు రామానంద్ వర్సెస్ డాక్టర్ గిరీశ్ సోనీ కేసులో ఇదే చెప్పింది. అది ఒక దుకాణం కేసు. ఒప్పందంలో ప్రత్యేక షరతు లేకపోతే లాక్‌డౌన్ కారణంగా అద్దె ఆపలేమని, కట్టడానికి గడువు మాత్రం ఇవ్వవచ్చని తీర్పు. నోటిమాట ఒప్పందంతో గది తీసుకున్న విద్యార్థికి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

హాస్టల్ మంచం లీజు కాదు. అది సాధారణంగా లైసెన్సు, అంటే ఉండటానికి ఇచ్చిన అనుమతి. ఇక్కడ 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో 64వ సెక్షన్ పనికొస్తుంది. డబ్బు తీసుకుని లైసెన్సు ఇచ్చినవారు, అవతలివారి తప్పు లేకుండా మధ్యలో వెళ్లగొడితే పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది. 2020 మార్చిలో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయించినవారి పరిస్థితికి ఈ సెక్షన్ దగ్గరగా ఉంది.

ఇంకో దారి వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవ’ నిర్వచనంలో వసతి, భోజనం రెండూ ఉన్నాయి. కాబట్టి బయటి ప్రైవేటు హాస్టల్ దాని పరిధిలోకి వస్తుంది. ఫిర్యాదుదారు తాను ఉండే జిల్లాలోనే వేయవచ్చు. అంటే హైదరాబాద్ హాస్టల్ మీద నౌపడ విద్యార్థి శ్రీకాకుళంలో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. కాలేజీ సొంత హాస్టల్ విషయం వేరు. మను సోలంకి కేసులో 2020 జనవరి 20న జాతీయ కమిషన్ విద్యాసంస్థలు ఈ చట్టం కిందికి రావని చెప్పింది. కాలేజీ తన హాస్టల్ విషయంలో కూడా దాన్నే అడ్డుపెట్టుకుంటుంది.

గడువు సంగతి. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లు. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని గడువుల లెక్కలోంచి సుప్రీంకోర్టు తీసేసింది. ఆ మినహాయింపు కలుపుకున్నా ఆనాటి బాకీల గడువు ఇప్పుడు దాటిపోయింది. ఇకముందు అడగాల్సింది పాత రసీదు డబ్బు కాదు. కొత్త నియమం.

ఇతర దేశాల్లో ఏం జరిగింది?

తెలుగు విద్యార్థులు ఎక్కువగా వెళ్లే బ్రిటన్, అమెరికాల్లో కూడా ఇదే గొడవ జరిగింది. ఫలితం మాత్రం వేరు.

బ్రిటన్‌లో 2020 నవంబరులో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ విద్యార్థులు అద్దె సమ్మె చేశారు. తమ హాస్టళ్ల చుట్టూ వేసిన కంచెలను పీకేశారు, ఖాళీగా ఉన్న ఒక హాస్టల్ భవనాన్ని ఆక్రమించారు. ఆ నెలాఖరుకు యాజమాన్యం సెప్టెంబరు నుంచి జనవరి దాకా అద్దెలో 30 శాతం తగ్గించింది. యునైట్ స్టూడెంట్స్ అనే పెద్ద ప్రైవేటు హాస్టళ్ల సంస్థ 2020 వేసవి టర్ముకు ఇళ్లకు వెళ్లిపోయినవారి అద్దె వదులుకుంది. అమెరికాలో 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టం కింద ఇచ్చిన నిధులను హాస్టల్, భోజన డబ్బు తిరిగి ఇచ్చిన విశ్వవిద్యాలయాలు తమ ఖర్చు కింద చూపించుకునే వీలు కల్పించారు.

ఇందులో మనకు రెండు పాఠాలు. యజమాని ఒక్కరైనచోట విద్యార్థులు ఒక్కటై అడగగలిగారు. ఊరి నిండా చెదిరిన అద్దె గదుల్లో అది సాధ్యం కాలేదు. రెండోది, మూసేయమన్నది ప్రభుత్వం కాబట్టి ఆ ఖర్చులో ప్రభుత్వం వాటా తీసుకోవడం అసాధ్యమేమీ కాదు.

మనం అడగాల్సినవి

కోవిడ్ పోయింది, మూతలు పోలేదు. మా తీరానికి తుఫాన్లు ఏటా వస్తాయి. కాబట్టి ఈ నియమాలు ముందే రాసి ఉండాలి.

1. మధ్యాహ్న భోజన నియమాల మాదిరిగా సంక్షేమ హాస్టళ్లకు మూసివేత భత్యం. ప్రభుత్వం ఆదేశంతో హాస్టల్ మూస్తే, ఆ రోజులకు భోజనం డబ్బు విద్యార్థి ఖాతాలోకి వెళ్లాలి.

2. విశ్వవిద్యాలయాలు, కాలేజీలు నడిపే హాస్టళ్లలో మూసి ఉన్న కాలానికి మెస్ బిల్లు, కరెంటు, నీటి చార్జీలు ఉండకూడదు. గది అద్దెలో తగ్గింపు ఎంతో ప్రవేశ సమయంలోనే రాతపూర్వకంగా చెప్పాలి.

3. వసతి, స్కాలర్‌షిప్ డబ్బు విడతలకు తేదీలు ఉండాలి. మూసివేత కాలంలో ఆలస్యం అసలు కూడదు.

4. అద్దె గదుల్లో కలిసి ఉండే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు హాస్టల్ గుర్తింపు ధ్రువీకరణ ఇవ్వడం కాలేజీ బాధ్యత కావాలి.

5. ప్రైవేటు హాస్టళ్లకు రిజిస్ట్రేషన్, రాతపూర్వక ఒప్పందం, అడ్వాన్సు తిరిగి ఇచ్చే గడువు తప్పనిసరి చేయాలి. విపత్తు ఉత్తర్వుల్లో అద్దె ఊరట ఇచ్చినప్పుడు ‘కార్మికులు’ పక్కన ‘విద్యార్థులు’ అనే మాట కూడా చేర్చాలి.

నియమాలు వచ్చేలోగా విద్యార్థులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అడ్వాన్సు ఇచ్చిన రోజు చీటీ మీదైనా సంతకం తీసుకోండి. అద్దె ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో కట్టి దేనికి కట్టారో రాయండి. ఖాళీ చేయమంటే ఆ మాట వాట్సాప్ సందేశంగా అడగండి. సర్టిఫికెట్లు గదిలో వదలకండి. ఒకే హాస్టల్‌లో ఉన్నవారు కలిసి ఒకే ఉత్తరం ఇవ్వండి.

ట్యూషన్ ఫీజు మీద పోరాడటానికి మన సంఘాలకు దశాబ్దాల అనుభవం ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ పోరాటాల ఫలమే. చదువు ఖర్చులో సగం గదిలో, కంచంలో ఉంటుందని కోవిడ్ చూపించింది. నౌపడలో రైలెక్కే పిల్లకు కాలేజీ సీటుతో పాటు ఉండటానికి చోటు కూడా హక్కుగా ఉండాలి. ఆ చోటు మూసేస్తే వచ్చే నష్టాన్ని మూసినవారే భరించాలని ఒక నియమం కాగితం మీదికి ఎక్కాలి.